పాటను చదివాం, వినడం మరిచాం
తెలుగు సినిమా పాటలో భావం ఎక్కడుంది: ఒక సమీక్ష

1955లో వచ్చిన 'రోజులు మారాయి'లోని ఏరువాక పాటకు మాటలు కొసరాజు రాఘవయ్య చౌదరివి, సంగీతం మాస్టర్ వేణుది, గొంతు జిక్కిది. తెర మీద ఆడింది అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని వహీదా రెహమాన్. తొలకరి పడగానే కాడి కట్టే రైతూ, జ్యేష్ఠ పౌర్ణమి సంబరమూ, పల్లె మీద పెత్తనం చేసే రాజకీయాల మీద చురకా అన్నీ ఆ పాటలో ఉన్నాయి. ఐదేళ్లకు, 1960లో, అదే బాణీ ఎస్.డి. బర్మన్ చేతుల మీదుగా హిందీ 'బంబయ్ కా బాబు'లోకి వెళ్లింది. అక్కడ కాడీ లేదు, వానా లేదు. పట్నం నుంచి దిగిన కుర్రాణ్ణి ఆటపట్టించే పాట అయింది. కొసరాజు మాటల్లోంచి 'చిన్నన్న' అన్న ఒక్క పిలుపు మాత్రం, అర్థం వదిలేసుకుని, చప్పుడుగా మిగిలి హిందీలో కూడా వినిపిస్తుంది.

బాణీ ఒకటే అయినప్పుడు మొదటి పాటలోని 'తెలుగుదనం' ఎక్కడుందని చెప్పాలి? మాటల్లో ఉందంటే, ఆ మాటలు పూర్తిగా పట్టుబడని పిల్లలు కూడా ఆ పాటకు గంతులు వేశారు కదా అన్న ప్రశ్న వస్తుంది. బాణీలో ఉందంటే అది హిందీలో అంత హాయిగా ఎలా ఒదిగిందని అడగాలి. తెరమీది దృశ్యంలో ఉందంటే, సినిమా చూడకుండా రేడియోలో విన్నవాళ్ల సంగతేమిటి? తొంభై ఏళ్లుగా తెలుగులో సినిమా పాట గురించి జరుగుతున్న వాదాలన్నీ ఈ ముడి చుట్టూనే తిరుగుతున్నాయి. 2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చాక అవి మళ్లీ రేగాయి. సాహిత్యం లేని పాటకు ఇంత గౌరవమా అని కొందరు, ఆ ఊపే సాహిత్యం అని మరికొందరు. ఎవరి వాదన ఏ నేల మీద నిలబడిందో చూడటం ఇప్పుడు అవసరం.

ధ్రువల నుంచి టాకీ దాకా

సినిమాలో పాటలెందుకన్న ప్రశ్న మనకు పడమటి గాలితో వచ్చింది. ఆటలో పాట ఉండటం ఇక్కడ ఎవరికీ వింత అనిపించలేదు. భరతుడి నాట్యశాస్త్రం ధ్రువలనే పాటలను ఐదు రకాలుగా విడదీసింది. పాత్ర వచ్చేటప్పుడు ప్రావేశికి, వెళ్లేటప్పుడు నైష్క్రామికి. నడుస్తున్న రసాన్ని ఉన్నట్టుండి మళ్లించేది ఆక్షేపికి, రేగిన మనసును కుదుటపరిచేది ప్రాసాదికి. ఐదోది అంతరా. నటుడు తడబడినప్పుడో, వేషం సర్దుకోవలసి వచ్చినప్పుడో మధ్యలోని ఖాళీని కప్పే పాట అది. హీరో చొక్కా మార్చుకోవడానికే పాట పెట్టారని వెక్కిరించేవాళ్లకు తాము శాస్త్రప్రమాణమే పలుకుతున్నామని తెలియదు!

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. భరతుడు పాటలను అవి ఏం చెబుతున్నాయన్నదాన్ని బట్టి విభజించలేదు. ఎక్కడ వస్తాయి, వచ్చి ఏం పని చేస్తాయి అన్నదాన్ని బట్టి విభజించాడు. ఈ చూపు తర్వాత మన విమర్శలో దాదాపు మాయమైంది.

యక్షగానం, వీధిభాగోతం, సురభి నాటకం, పద్యనాటకం ఇవన్నీ పాటను మాటతో కలిపే నడిపాయి. 1932లో విడుదలైన 'భక్త ప్రహ్లాద' నాటకరంగం నుంచి నేరుగా నడిచొచ్చిందే. చందాల కేశవదాసు అందులో పాటలు రాసి తొలి తెలుగు సినీ గేయరచయిత అయ్యారు. నటులే తమ పాటలు తాము పాడుకునే రోజులవి. ఆరేళ్లు తిరిగేసరికి గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల'లో బసవరాజు అప్పారావు గీతాలను వాడుకున్నారు. అప్పటికే కన్నుమూసిన కవి గీతం అంటరానితనం మీద తీసిన సినిమాలో వినిపించింది. పాట కథకు వత్తాసు పలకడంతో ఆగకుండా ఒక సామాజిక వాదనకు గొంతు ఇవ్వగలదని అప్పుడే తేలింది. నేపథ్యగానం స్థిరపడటంతో పాడే గొంతు, కనబడే ముఖం విడిపోయాయి. ఆ విడిపోవడం పర్యవసానాలు తర్వాత చూద్దాం.

మాటదే ప్రాణమన్నవాళ్లు

తెలుగులో ఎక్కువమంది నిలబడిన పక్షం ఇది. 1951 నాటి 'మల్లీశ్వరి' దీనికి పునాదిరాయి. భావకవిత్వ శిఖరం దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు మాటలూ పాటలూ రాయడంతో సినిమా పాటకు సాహిత్య గౌరవం దక్కింది. శ్రీశ్రీ, ఆరుద్ర, దాశరథి, సి. నారాయణరెడ్డి కూడా సినిమాకు రాశారు. 1962లో 'గులేబకావళి కథ' పాటలన్నీ నారాయణరెడ్డే రాశారు. 1974లో 'అల్లూరి సీతారామరాజు' పాటకు శ్రీశ్రీకి, 1993లో 'మాతృదేవోభవ'కు వేటూరికి, 2003లో 'ఠాగూర్'కు సుద్దాల అశోక్ తేజకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఆత్రేయను మనసుకవి అన్నాం, సీతారామశాస్త్రికి పేరు తెచ్చిన సినిమానే ఇంటిపేరు చేశాం. సినిమా పాట గురించి తెలుగులో వచ్చిన పుస్తకాల్లో సింహభాగం గేయకవుల గురించే. పైడిపాల లాంటి పరిశోధకుల శ్రమ లేకపోతే చాలామంది కవుల పేర్లు కూడా మనకు మిగిలేవి కావు.

ఈ పక్షం బలం దాని పనిముట్లలో ఉంది. అలంకారం, శయ్య, ధ్వని, ప్రాస, జాతీయం, వీటి గురించి మాట్లాడటానికి తెలుగులో వెయ్యేళ్ల పరిభాష ఉంది. పింగళి నాగేంద్రరావు పుట్టించిన మాటలు జనం నోళ్లలో ఎందుకు నిలిచాయో చెప్పగలిగింది ఈ పక్షమే.

బలహీనత కూడా అక్కడే ఉంది. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లోని ఒక కవిత ఎత్తుగడనే తీసుకోండి. 1988లో 'రుద్రవీణ'లో అది ఊరి మద్యపానాన్ని, పేదరికాన్ని చూసి కదిలిన ఒక సంగీత విద్వాంసుడి కొడుకు నోట వినిపించింది. 2003లో 'ఠాగూర్'లో అదే ఎత్తుగడను సుద్దాల అశోక్ తేజ కొత్త పాటగా పెంచితే, లంచగొండుల మీద కత్తిగట్టిన కథానాయకుడి జయభేరి అయింది. మొదటిదానిలో ఉన్నది సమిధనవుతానన్న వినయం. రెండోదానిలో నేనే నిప్పునన్న గర్జన వినబడుతుంది. తొలిమాటలు రెంటిలోనూ అవే. మారింది లయ, వాద్యాల బరువు, తెరమీది మనిషి, చూసే జనం. మాటను మాత్రమే చదివే విమర్శకు ఈ తేడా దొరకదు.

ఇంకో కారణం కూడా ఉందనిపిస్తుంది. మన విమర్శ సినిమా హాలు బయట అమ్మిన పాటల పుస్తకంలోంచి పుట్టింది. ఆ పల్చటి పుస్తకంలో తారాగణం, సగం కథ, 'తరువాయి వెండితెరపై చూడండి' అన్న ఊరింపు, పాటల సాహిత్యం ఉండేవి. బాణీని కాగితం మీద అచ్చువేయడం కుదరదు. చేతికందిన దాన్ని చదివాం. చదివినదాన్నే పాట అనుకున్నాం.

బాణీదే పెత్తనమన్నవాళ్లు

ఎదుటి పక్షం వాదన సూటిగా ఉంటుంది. భాష తెలియని పాటకు కళ్లు చెమరుస్తాయి, బాణీ లేని సాహిత్యానికి అలా చెమర్చడం అరుదు. దీనికీ శాస్త్రం తోడుంది. నాట్యశాస్త్రం షడ్జ, రిషభాలను వీర, రౌద్ర, అద్భుతాలకూ, గాంధార, నిషాదాలను కరుణకూ, మధ్యమ, పంచమాలను హాస్య, శృంగారాలకూ, ధైవతాన్ని బీభత్స, భయానకాలకూ కేటాయించింది. ఈ నమ్మకమే రాగాల దాకా సాగి, శుభపంతువరాళి అంటే శోకం, మోహన అంటే ఆహ్లాదం అన్న లెక్కలుగా స్థిరపడింది. స్టూడియోల్లో అది చేతివాటంగా మారింది. ఇంట్లో చావు కబురు వినగానే వయొలిన్లు ఏ రాగంలో ఏడవాలో అందరికీ తెలుసు.

కానీ లెక్క ఎప్పుడూ సరిపోదు. 'మల్లీశ్వరి'లో ఎడబాటు తీరిన నాయిక ఆనందాన్ని సాలూరి రాజేశ్వరరావు కల్యాణిలో పలికించారు. మంగళకరమైన రాగం, మంగళకరమైన ఘడియ, ఇక్కడిదాకా శాస్త్రం నిలబడింది. రెండేళ్లకే, 1953లో, సి.ఆర్. సుబ్బరామన్ 'దేవదాసు'లో తాగి తూలే ఓడిపోయిన మనిషికీ కల్యాణి ఛాయలనే ఇచ్చారు. ఆ పాట విని మంగళం జరిగిందని అనుకున్నవాళ్లు లేరు. నడక నెమ్మదించి, ఘంటసాల గొంతులోని మత్తు పదాల చివర్లను జార్చేసరికి, అదే రాగం బతుకు తలకిందులైనవాడి చేదునవ్వు అయింది. అంటే రాగం ఒక రసానికి కట్టుబానిస కాదు. గమకం, కాలప్రమాణం, వాద్యం, గొంతు కలిస్తేనే రాగానికి ముఖం వస్తుంది.

మనస్తత్వ శాస్త్రం ఈ దారిలో కొంత దూరం నడిచింది. లారా లీ బాల్క్‌విల్, విలియం థాంప్సన్ 1999లో ప్రచురించిన ప్రయోగం తరచు ఉదహరించేది. హిందుస్తానీ సంగీతంతో పరిచయం లేని పాశ్చాత్య శ్రోతలకు రాగాలు వినిపిస్తే సంతోషం, దుఃఖం, కోపం పోల్చుకోగలిగారు. వేగం, స్వరాల సంక్లిష్టత లాంటి ఆనవాళ్లు వాళ్లకు అక్కరకొచ్చాయి. శాంతం మాత్రం వాళ్లకు సరిగా చిక్కలేదు. మన ఆలంకారికులు శాంతం రసమా కాదా అని శతాబ్దాలు కొట్టుకున్న సంగతి గుర్తుంటే ఈ ఫలితం చూసి చిరునవ్వు వస్తుంది. మోటైన భావాలకు లోకమంతా ఒకే చెవి ఉండవచ్చు, సన్నటి భావాలకు మాత్రం ఆ సంస్కృతిలో పెరిగిన చెవి కావాలి. ఇంతకుమించి ఆ ప్రయోగం మీద బరువు మోపడం సరికాదు. సినిమా పాటలో రాగం ఒంటరిగా రాదు.

ముందు బాణీయా, ముందు మాటా అన్న పాత తగవు కూడా ఈ పక్షానికి అనుబంధమే. కె.వి. మహదేవన్ రాసిచ్చిన సాహిత్యానికే బాణీ కట్టే అలవాటున్నవారు. మాతృభాష తెలుగు కాని ఆయన, సహాయకుడు పుహళేందితో కలిసి, తెలుగు మాట విరుపు చెడకుండా స్వరపరిచారు. ఇళయరాజా కాలానికి తననాలు ముందొచ్చి మాటలు వాటిలో కూచోవడం మామూలైంది. బాణీకి రాస్తే కవిత్వం చస్తుందని మాట పక్షం ఫిర్యాదు. వేటూరి, సీతారామశాస్త్రి ఉత్తమ గీతాలు ఎన్నో బాణీలకు రాసినవే గనక ఆ ఫిర్యాదు నిలవదు. అలాగని ఇబ్బంది లేదనీ కాదు. తెలుగు మాటలో దీర్ఘం ఎక్కడుండాలో బాణీకి పట్టనప్పుడు, హ్రస్వం సాగి, ఒత్తు ఊడి, మనదో కాదో తెలియని భాష వినబడుతుంది. ఈ మధ్య పాటల్లో మాటలు అర్థం కావడం లేదన్న ఫిర్యాదుకు వాద్యాల హోరు ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

సందర్భాన్ని మరిచిన విమర్శ

మూడో పక్షానికి తెలుగులో బలం తక్కువ, నా లెక్కలో న్యాయం ఎక్కువ. పాట భావం అది పడిన చోట ఉంటుందని దీని వాదన. సినిమా వాళ్లు మొదటినుంచీ 'సందర్భం' అనేది దీన్నే. దర్శకుడు సందర్భం చెప్పనిదే కవి కలం ఎత్తడు, బాణీ మొదలుకాదు. విమర్శ మాత్రం అచ్చయిన పాటను తీసుకుని సందర్భాన్ని వదిలేసింది.

'మాయాబజార్'లోని పడవ పాట చూడండి. పాటల పుస్తకంలో అది వెన్నెల రాత్రి ప్రేమగీతం, అంతకుమించి ఏమీ లేదు. తెర మీద మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెల్లో మొదట అభిమన్యుడూ శశిరేఖా ఉంటారు. పిల్లల గుట్టు కనిపెట్టిన కృష్ణుడు, రుక్మిణితో వచ్చి పాట అందుకుంటాడు. చివరికి బలరాముడు, రేవతి కూడా అదే నీళ్ల మీదికి వస్తారు. ఒకే పల్లవి మూడు జంటల చేతులు మారేసరికి పడుచుప్రేమ, దాన్ని కాపుకాసే మేనమామ లౌక్యం, రేపు అడ్డం తిరగబోయే పెద్దల అమాయకత్వం అన్నీ మనకు తెలిసిపోతాయి. ఇంటి రాజకీయమంతా పడవల్లో తేలుతుంది. మేనరికం మీద తెలుగు కుటుంబాలకుండే మమకారం తెలియనివాళ్లకు అది మంచి పాటే. తెలిసినవాళ్లకు కథలో సగం. పాటలు కథను ఆపేస్తాయన్న ఫిర్యాదుకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. కథను ఆపే పాటలున్నాయి, బోలెడు. వాటి తప్పు పాట కావడంలో లేదు. అంతరా ధ్రువ చేయవలసిన పనికి మించి వాటికి పని ఇవ్వకపోవడంలో ఉంది.

'రుద్రవీణ' ఈ వాదాన్నే కథగా చేసుకున్న సినిమా. సంగీతం కులగౌరవమనుకునే తండ్రి, ఊరి చెడును కడగడానికి పాటను వాడే కొడుకు. ఒకే ఇంట్లో ఒకే విద్య రెండు అర్థాలు తెచ్చుకుంటుంది. ఇళయరాజాకు, బాలసుబ్రహ్మణ్యానికి జాతీయ పురస్కారాలు తెచ్చిన ఆ సినిమాకు డబ్బులు రాలేదు. మంచి వాదానికి టికెట్లు తెగాలన్న నియమం లేదు మరి.

మూడు పక్షాలను ఒక పాట మీద పక్కపక్కన నిలిపి చూస్తే ఎవరి చూపు ఎంతవరకో తెలుస్తుంది. 'మాతృదేవోభవ'లో వేటూరి రాసిన పువ్వు పాట ఉంది కదా. మాట పక్షం అందులో రాలిపోవడమనే ప్రతీక నిర్వాహాన్ని చూపుతుంది, పురస్కారం కూడా దానికే వచ్చింది. బాణీ పక్షం కీరవాణి నెమ్మదైన నడకనూ, స్వరకర్త తానే పాడటంలోని నిరాడంబరతనూ చూపుతుంది. ఆ గొంతులో కచేరీ మెరుగు లేకపోవడమే బలమైంది. సందర్భ పక్షం, చావుకు దగ్గరపడి తన పిల్లలను ఒక్కొక్కరినే పరాయిళ్లకు అప్పగిస్తున్న తల్లిని చూపుతుంది. మొదటి రెండూ లేకుండా మూడోది ఏడిపించగలదు, అది మెలోడ్రామా. మూడోది లేకుండా మొదటి రెండూ గౌరవం తెచ్చుకుంటాయి. మూడూ అతికిన చోట ప్రేక్షకుడు ఏది తనను ఏడిపించిందో చెప్పలేకపోతాడు. విమర్శకుడు ఆగి చూడవలసింది ఆ అతుకు దగ్గరే.

గొంతుకున్న కులం, ప్రాంతం, నడత

భావం సంగతి ఇలా ఉంటే, సాంస్కృతిక అర్థం సంగతి ఇంకా చిక్కు. నేపథ్యగానం వచ్చాక గొంతులకు పాత్రలు పంచాం. సుశీల గొంతు నాయికకు, ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు క్లబ్బు పాటకు. మాటల్లో తప్పేమీ లేకపోయినా ఈశ్వరి గొంతు మొదలవగానే తెరమీదికి వచ్చేది 'మంచి ఇంటి పిల్ల' కాదని హాలు మొత్తానికి తెలిసిపోయేది. గొంతులోని జీరకు ఒక నీతి అంటగట్టాం. జానకి లాంటివారు ఈ గీతను దాటుతూ వచ్చినా గీత చెరగడానికి దశాబ్దాలు పట్టింది. 2021లో 'పుష్ప'లో అగ్రనాయిక సమంత మీద చిత్రించిన ప్రత్యేక గీతం మగవాళ్ల చూపునే ఎద్దేవా చేసింది, ఒక పురుషుల సంఘం కోర్టుకు కూడా వెళ్లింది. ఆ పాట మగచూపును ప్రశ్నించిందా, ప్రశ్నిస్తూనే దానికి విందు పెట్టిందా అన్నది చర్చ. మాటలు వింటే మొదటిది, కెమెరా చూస్తే రెండోది. తెగని తగవు అనుకుంటాం గానీ, ఏ పక్షం పాటలో దేన్ని చూస్తోందో గుర్తుపడితే తెగేదే.

శాస్త్రీయమూ, జానపదమూ అన్న తూకంలోనూ ఇదే చిక్కు. 1980లో 'శంకరాభరణం' వచ్చి కర్ణాటక సంగీతాన్ని బస్టాండు దాకా తెచ్చింది. శాస్త్రీయ శిక్షణ లేని బాలసుబ్రహ్మణ్యం గొంతులోనే ఆ పని జరగడం గొప్ప సంగతి. అయితే తెలుగు సంగీతమంటే అదేనన్న భావన కూడా ఆ సినిమాతో గట్టిపడింది. ఇంచుమించు అదే కాలంలో వచ్చిన 'మా భూమి'లో, బండి యాదగిరి పాట గద్దర్ గొంతులో, సుద్దాల హనుమంతు పాట ఇంకో గొంతులో వినిపించాయి. అవి సినిమా కోసం పుట్టినవి కావు. తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టి, సినిమాలోకి వచ్చి, మళ్లీ సభల్లోకి వెళ్లినవి. ఆ సినిమా చూడనివాళ్లు కూడా ఆ పాటలు పాడారు.

అయినా ప్రధాన స్రవంతి సినిమాలో తెలంగాణ యాస చాలాకాలం హాస్యగాడికో రౌడీకో దక్కిన గొంతుగానే మిగిలింది. 2017లో 'ఫిదా' పాట ఆ యాసను నాయిక ఆనందానికి ఇచ్చింది. 2023లో 'బలగం' ఇంకో అడుగు వేసింది. ఇంటిపెద్ద చనిపోయాక దినాల నాడు బుడగజంగాల కళాకారులు పాడే పాట అందులో పతాక సన్నివేశం. మామూలు సినిమాల్లో పాట పాత్ర మనసులోంచి వస్తుంది. ఇక్కడ బయటివాళ్లు వచ్చి, చచ్చిపోయినవాడి గొంతు తాము తొడుక్కుని, బతికున్నవాళ్ల పేరు పెట్టి పిలిచి అడుగుతారు. నిజజీవితంలో ఆ పాట పనే అది, చుట్టాలను ఏడిపించి గుండె తేలిక చేయడం. అది వాళ్ల వృత్తి. సినిమాలో పాడినవాళ్లు కూడా ఆ కళలో బతికినవాళ్లే గనక, గొంతులో నటన లేదు, శృతిశుద్ధి మీద శ్రద్ధ కూడా లేదు. ఆ పాటను అచ్చువేసి కవిత్వంగా తూచినా, స్వరాలు రాసి రాగంగా తూచినా చేతికి ఏమీ మిగలదు. ఊళ్లలో పంచాయతీ ముందు తెరలు కట్టి ఆ సినిమా చూశారు. అక్కడ జనం చూసింది సినిమానా, దినాల పాటనా అని విడదీయడం కష్టం. భరతుడు ఉంటే దీన్ని ధ్రువల్లో ఆరో రకంగా చేర్చేవాడేమో.

సినిమా వదిలిన పాట

పాట సినిమాను వదిలి బయటికొచ్చాక ఇంకో బతుకు బతుకుతుంది. సమాచార ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటకు తలుపులు మూస్తే జనం రేడియో సిలోన్ పట్టుకున్నారు. 1957లో వివిధభారతి వచ్చింది. దాంతో పాటకు తెరతో సంబంధం లేని శ్రోతలు పుట్టారు. 1961 నాటి 'సీతారామ కళ్యాణం'లో సముద్రాల రాసి, గాలి పెంచల బాణీ కట్టిన పెళ్లి పాట శ్రీరామనవమి పందిళ్లలో, పెళ్లి మేళాల్లో, అమెరికా తెలుగువాళ్ల ఆలయాల్లో కల్యాణ సమయానికి మోగుతుంది. వింటున్నవాళ్లలో ఎక్కువమందికి అది సినిమా పాటన్న స్పృహ కూడా ఉండదు. ఇందుకు తలకిందులుగా జరిగిందొకటి: ఘంటసాల ప్రైవేటు రికార్డుగా పాడిన భగవద్గీత శవవాహనాల మీద మోగీ మోగీ, ఇప్పుడు ఇంట్లో పెట్టుకోవడానికి జనం జంకుతున్నారు. ఉద్దేశించిన అర్థం ఒకటి, వాడుక మోపిన అర్థం ఇంకొకటి.

చరవాణి తెరల్లో పాట ముప్పై సెకన్ల ముక్క అయింది. పల్లవి, ఒక స్టెప్పు. చరణం దాకా ఎవరూ రావడం లేదు. 'నాటు నాటు'ను ప్రపంచం అందుకున్నది చాలావరకు ఇలాగే. కథలో అది తెల్లదొర చేసిన అవమానానికి ఇద్దరు భారతీయులు అరికాళ్లతో ఇచ్చిన జవాబు. చంద్రబోస్ దానికి పల్లె దుమ్మునూ, పోట్లగిత్తనూ తెచ్చి మాటలు కట్టారు. బయటివాళ్లకు చేరింది కాళ్ల వేగం. అలా చేరడంలో చిన్నతనమేమీ లేదు, ఏరువాక బాణీ హిందీకి వెళ్లిందీ ఇలాగే. ప్యాలెస్ ముంగిట ఆ దుమ్ము రేపిన స్థలం కీవ్‌లోని మారిన్‌స్కీ భవనం కావడం, కొన్ని నెలలకే ఆ నగరం మీద యుద్ధం విరుచుకుపడటం, పాటకు ఎవరూ అనుకోని మరో నీడ తెచ్చాయి.

ఇంకా తేలనివి

కొన్ని ముళ్లు విడలేదు. జానపద గీతం సినిమాలోకి వస్తే యజమాని ఎవరన్నది మొదటిది. 2021లో 'లవ్‌స్టోరీ' పాట మీద రేగిన వివాదంలో, ఆ పాటను ముందే టీవీ వేదిక మీద పాడిన గాయని తన సేకరణకు గుర్తింపు అడిగారు. 2012 నాటి కాపీరైట్ సవరణ గేయరచయితకూ స్వరకర్తకూ రాయల్టీ హక్కును గట్టిపరిచింది గానీ, ఊరి నోట పుట్టిన పాటకు, దాన్ని ఏరి తెచ్చిన మనిషికి అందులో చోటు లేదు. రెండోది, పాటల్లేని సినిమాకు అలవాటుపడుతున్న ప్రేక్షకుల సంగతి. వాళ్లకు భావం ఇప్పుడు నేపథ్య సంగీతం నుంచి అందుతోంది, దాని గురించి తెలుగులో రాస్తున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మూడోది, రాగానికీ రసానికీ ముడి ఎంత అన్నది. దాన్ని తేల్చాలంటే తెలుగు శ్రోతల మీద, తెలుగు పాటలతోనే పరీక్షలు జరగాలి, పాశ్చాత్య శ్రోతల ఫలితం మనకు అప్పుగా పనికిరాదు.

నా తీర్పు మాత్రం చెబుతాను. వాదం చిక్కుపడింది పక్షాలు ఎక్కువై కాదు. ఒక పక్షానికే భాష, పుస్తకాలు, పురస్కారాలు ఉండి, మిగతావాటికి కనీసం ఆధారాలు కూడా మిగలకపోవడం వల్ల. గేయకవి పేరు చరిత్రలో ఉంది. 'మల్లీశ్వరి' వాద్యగోష్ఠి నడిపిన అద్దేపల్లి రామారావు పేరు కొందరికైనా తెలుసు. ఆ గోష్ఠిలో క్లారినెట్ ఊదినవారు, సితార్ మీటినవారు, ఏరువాక పాటకు డోలు కొట్టినవారు పాటల పుస్తకాల్లో అచ్చుకాలేదు.

మద్రాసు స్టూడియోల్లో వాయించిన వాద్యకారుల్లో మిగిలినవారు పెద్దవాళ్లయిపోయారు. వాళ్ల ఇళ్లలో స్వరాలు రాసుకున్న నోట్‌బుక్కులు ఉంటాయి, కాల్షీట్ల లెక్కలు ఉంటాయి. మీ ఊళ్లో, మీ బంధువుల్లో అలాంటి కుటుంబం ఉంటే, ఆ కాగితాలు పాతసామాన్ల వాడికి పోకముందే ఒక గ్రంథాలయానికి చేర్చండి. కుదరకపోతే కనీసం ఫోటోలు తీసి పెట్టండి.